ఒంటి మేజోడు

మా వదిన చేతిలో క్రోషా సూది లేకుండా చూశామని ఎవరైనా అంటే, ఆ పూట ఆవిడకు ఒళ్ళు తెలియని జ్వరమన్నా ఉండి ఉండాలి, చెప్పేవాళ్ళకు కళ్ళన్నా సరిగ్గా లేకపోయి ఉండాలి. వదిన అంటే మా ఆయనకు అక్క. నాకంటే వయసులో పెద్ద, నాకంటే పొడుగు, నాకంటే మొండి. నోటి విషయంలో మాత్రం నాదే పైచేయి. ఆ సంగతి ఆవిడే పదిమందిలో ఒప్పుకుంటుంది కాబట్టి ఇక్కడ రాయడంలో తప్పులేదు.

మా వాటా, ఆవిడ వాటా ఎదురెదురు. మధ్యలో నాలుగు కుర్చీలు ఇరుక్కుని పట్టే వసారా. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మా మెట్ల మీది ఆడవాళ్ళం అక్కడ చేరి ఉన్నితో అల్లుతాం. టోపీలు, మఫ్లర్లు, దుప్పట్లు, మేజోళ్ళు. అవన్నీ ఊరి చివర గుట్ట మీదున్న మాజీ సైనికుల ఆశ్రమానికి పోతాయి. అక్కడుండే ముసలి సిపాయిలకు నా అన్నవాళ్ళు లేరు, ఉన్నా తొంగిచూడరు. గుట్ట మీద గాలికి ఎముకల్లోకి దూరడం బాగా తెలుసు.

ఈ పని మొదలుపెట్టింది వదినే. మాకు నేర్పిందీ ఆవిడే, నేర్పుతూ తిట్టిందీ ఆవిడే. నా మొదటి టోపీ చూసి, "ఇది తలకా, కుండకా?" అని అడిగింది. "నీ తలకే వదినా, అందుకే అంత పెద్దది అల్లాను," అన్నాను. అప్పటినుంచి నాకు టోపీలు ఇవ్వలేదు, దుప్పట్ల మీద పడేసింది.

వయసులో ఉన్నప్పుడు వదిన యూనిఫారాలు కుట్టే కర్మాగారంలో పనిచేసింది. సైనికుల కోట్లకు కాజాలు కుట్టడం ఆవిడ పని. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. దగ్గరి చూపు అక్కడే పోగొట్టుకుంది. ఆవిడ భర్త, నాకు వరసకు అన్నయ్య, సైన్యంలో లారీ నడిపేవాడు. మంచు కొండల్లో ఓ చలికాలం ఇరుక్కుపోయి తిరిగొచ్చాడు. పాదాలు రెండూ ఉన్నాయి గానీ వాటిలో స్పర్శ లేదు. "నా కాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశాయమ్మా," అని నాతో నవ్వుతూ అనేవాడు. ఒకరోజు బూటులోపల మేకు లేచింది. ఆయనకు తెలియలేదు. పగలంతా దానిమీదే నడిచాడు. సాయంత్రం వదిన బూటు లాగితే మేజోడు రక్తంతో బూటుకు అంటుకుపోయి రాలేదు. షుగరున్న మనిషి. పుండు చీము పట్టింది. ముందు వేలు తీశారు, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి దాకా. ఆపైన తీయడానికి ఆయన ఉండలేదు.

వదిన ఈ సంగతి ఎవరికీ చెప్పుకోదు. సానుభూతి చూపించినవాళ్ళను పురుగును చూసినట్టు చూస్తుంది. కానీ ఆశ్రమంలో స్పర్శ లేని కాళ్ళవాళ్ళు ఎందరో ఉన్నారని, మిషను మేజోళ్ళ పైన ఉండే సాగుడు పట్టీ వాళ్ళ పిక్కల్ని కోసేస్తోందని కాంపౌండరు చెప్పిన రోజు ఆవిడ క్రోషా సూది తీసింది. చేతి అల్లికకు పట్టీ అక్కర్లేదు. గుండ్రంగా అల్లితే లోపల అతుకు కూడా ఉండదు, ఎక్కడా ఒరుసుకోదు. కాలు పోయినవాళ్ళ కోసం ఒంటి మేజోళ్ళు కూడా ఆవిడే అల్లుతుంది. ఆ పని మాకెవరికీ ఇవ్వదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తరువాతది అర్థం కాదు. మేజోడు పిక్క దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దగ్గర ముగిస్తాం. చుట్టూ చుట్టూ అల్లుకుంటూ పోతాం కాబట్టి చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తుండాలి. లేకపోతే కుట్లు తప్పి మేజోడు సొరకాయలా వంకర తిరుగుతుంది. అందుకని మేమంతా మొదటి కుట్టులో రంగు దారం ముక్క దూరుస్తాం. వదినకు దారం కనిపించదు. ఆవిడ పిన్నీసు పెడుతుంది, చుట్టు మారినప్పుడల్లా దాన్ని కొత్త చుట్టులోకి జరుపుతుంది. పైగా మేజోడును తిరగేసి, లోపలి వైపు బయటికి ఉంచి అల్లడం ఆవిడ అలవాటు. వేళ్ళ దగ్గర మూసి, పిన్నీసు తీసి, అప్పుడు మంచివైపుకు తిప్పుతుంది.

పిన్నీసు వద్దని నేను ఎన్నోసార్లు చెప్పాను.

"నీకు కళ్ళున్నాయి, దారం పెట్టుకో. నాకు చేతులున్నాయి, పిన్నీసు పెట్టుకుంటా," అనేది.

ఆ రోజు ఆశ్రమం వ్యాను ఎప్పుడూ వచ్చే వేళకంటే ముందే వచ్చింది. కింద హారన్ మొదలైంది. ఆ డ్రైవరుకు హారన్ మీదున్న ప్రేమలో సగం పెళ్ళాం మీద ఉంటే ఆ కాపురం ఎప్పుడో బాగుపడేది.

"ఆ హారన్ తగలెయ్య, ఆపరా నాయనా, వస్తున్నాం," అని నేను కిటికీలోంచి అరిచాను.

"ఇవాళ దాతలు వస్తున్నారమ్మా, హాల్లో మీటింగు. లేటైతే సూపరింటెండెంటుగారు నన్ను తింటారు," అన్నాడు వాడు.

వదిన చేతిలో ఇంకా ఆఖరి మేజోడు ఉంది. నేను దుప్పట్లు మూటగడుతున్నాను. ఆవిడ గబగబా నాలుగు కుట్లు వేసి, వేళ్ళ దగ్గర మూతి బిగించి, దారం కత్తిరించి, తిరగేసి సంచిలో పడేసింది. వ్యాను వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక ఆవిడ వసారాలో కూర్చుని కొత్త మేజోడు మొదలుపెట్టింది. మొదటి చుట్టు పూర్తిచేసి, స్వెట్టరు మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. పిన్నీసును ఎప్పుడూ అక్కడే గుచ్చి పెట్టుకుంటుంది. వేళ్ళు అక్కడే తడుముతూ ఆగాయి.

"ఏమే, నా పిన్నీసు చూశావా?"

"నీ పిన్నీసుకు నన్ను కాపలా పెట్టావా వదినా," అన్నాను, చేతిలో పని ఆపకుండా.

ఆవిడ బదులు తిట్టలేదు. నేను తలెత్తాను. వదిన ఒళ్ళో ఉన్న ఉన్ని అంతా దులిపింది. కుర్చీ కింద చూసింది. చాప తీసి విదిలించింది. ఆ తరువాత ఏదీ వెతకడం మానేసి, కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆవిడ ముఖం గోడకు కొట్టిన సున్నంలా ఉంది.

"తిరగేశాను," అంది. "తియ్యలేదు."

ఆశ్రమంలో ఉన్న కాళ్ళు ఎలాంటివో నాకూ తెలుసు. పిన్నీసు గుచ్చుకుంటే అబ్బా అని మేజోడు విసిరికొట్టే కాళ్ళు కావవి.

ఫోను చేశాను. ఆఫీసులో ఎవరో కుర్రగొంతు ఎత్తింది. జరిగింది చెప్పాను. వెనకాల ఎవరో మైకు పరీక్ష చేస్తున్నారు, హలో హలో అని. "అలాగేనండీ, ప్రోగ్రాం అవ్వగానే చెప్తాను," అని పెట్టేశాడు.

"ఏమన్నాడు?" వదిన అడిగింది.

"చెప్తానన్నాడు."

"నీ పేరడిగాడా?"

"లేదు."

"ఏ మేజోడని అడిగాడా?"

"అడగలేదు వదినా."

"అయితే వినలేదు," అంది. అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

బస్సు దొరికింది గానీ ఆ బస్సుకు ఎక్కడికీ వెళ్ళాలని లేదు. ప్రతి మలుపులో ఆగింది, ప్రతివాడినీ ఎక్కించుకుంది. వదిన ముందు సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఊరుకోవడం చేతకాదు.

"అన్ని మేజోళ్ళలో దేంట్లో ఉందో ఏం తెలుస్తుంది? అందరి కాళ్ళూ విప్పిస్తామా?"

"జతల్లో లేదు," అంది, తల తిప్పకుండా.

"ఎలా చెప్తావు?"

"జతైతే ఒకదానిమీద ఒకటి పెట్టి అరచేత్తో అదుముతాను, రెండూ సమంగా ఉన్నాయో లేదో అని. ఉంటే నా చేతికే గుచ్చుకునేది. ఒంటివాటికి అదమడం లేదు. దేనితో పోల్చి చూస్తాను?" అక్కడ ఆగింది. "ఆఖరున అల్లినదీ ఒంటిదే. ఒంటివి ఈసారి రెండే ఇచ్చాను. రెంట్లో ఒకటి."

కొంచెం తేలికపడ్డాను. తేలికపడినందుకు వెంటనే సిగ్గుపడ్డాను. ఒంటి మేజోడు వేసుకునే మనిషికి మిగిలింది ఆ ఒక్క కాలే.

బస్సు దిగి గుట్ట ఎక్కుతుంటే పైనుంచి డ్రమ్ము చప్పుడు వినిపించింది. గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఎరుగును. "మీటింగు మొదలైందమ్మా, వెనక వరసలో కుర్చీలున్నాయి," అన్నాడు.

"కుర్చీలకు రాలేదు. ఒంటి మేజోళ్ళు ఎవరికిచ్చారు?" అడిగింది వదిన.

వాడు బుర్ర గోక్కున్నాడు. లోపల ఎండలో చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలాయన్ని చూపించాడు. ఒక కాలు తొడ దగ్గరే ఆగిపోయింది ఆయనకు. మేము దగ్గరికి వెళ్తే దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"పొద్దున ఇచ్చిన కొత్త మేజోడు ఎక్కడ పెట్టారు?" అంది వదిన.

"ఎందుకు? తిరిగి తీసుకుంటారా?"

"చూసి ఇస్తాను."

"ఇచ్చినదాన్ని అడగడం ఎక్కడా చూడలేదు," అని గొణుక్కుంటూ, కూర్చున్న దిండు కిందనుంచి మడత పెట్టిన మేజోడు తీశాడు. ఇంకా వేసుకోలేదు, దాచుకున్నాడు. వదిన అందులో చెయ్యి దూర్చి వేళ్ళ దాకా తడిమింది. తిరగేసింది. మళ్ళీ తడిమింది. లేదు.

"రెండోది ఎవరిది?"

"బ్యాండాయనది. నేను దాచుకున్నాను గానీ ఆయన దాచుకుంటాడా, దాతల ముందు వాయించాలని అప్పుడే తొడుక్కుని, పైన బూటు బిగించి కూర్చున్నాడు. వినపడ్డం లేదూ?"

వినపడుతోంది. డ్రమ్ము మీద కర్రల చప్పుడు, దాని కింద ఇంకో చప్పుడు. చెక్కమీద బూటు పడే చప్పుడు, తాళం తప్పకుండా.

వదిన పరుగెత్తింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. నేను వెనకపడ్డాను.

హాలు తలుపు దగ్గర సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరికీ కోపం రాకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి. మా మాట వినగానే ముందు హాల్లోకి చూశాడు, తరువాత మా వైపు చూశాడు.

"అమ్మా, మీరు కాస్త కూర్చోండి. ఇది అయిపోగానే ఆయన్ని లోపలికి పిలిపించి నెమ్మదిగా చూద్దాం."

"ఎప్పుడవుతుంది?"

"ఈ వాయిద్యం, ఆ తరువాత రెండు ఉపన్యాసాలు. అంతే."

"కాలు కొడుతున్నాడు కదయ్యా," అంది వదిన.

"అమ్మా, నా మాట వినండి." గొంతు తగ్గించాడు. "ఈ దాతలు చూస్తుండగా మేజోడులో పిన్నీసు అన్న మాట బయటికొస్తే, రేపు పైవాళ్ళు నన్నడుగుతారు. చేతి అల్లికలన్నీ ఆపెయ్యమంటారు. మీరందరూ ఇన్నాళ్ళూ చేసింది వృథా అయిపోతుంది. మీ మంచికే చెబుతున్నాను."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. వదినకు ఈ లోకంలో మిగిలింది ఆ ఉన్ని ఒక్కటే. పిల్లలు లేరు, మొగుడు లేడు. అది కూడా లేకపోతే రోజంతా ఆవిడ చేతులు ఏం చేస్తాయో నేను ఊహించలేను. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నన్ను చూడలేదు, సూపరింటెండెంటునూ చూడలేదు. అతని భుజం మీదుగా వేదిక మీదికి చూస్తోంది.

బ్యాండాయన కుర్చీ అంచున నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒక కాలు చెక్కది, కర్రలా ముందుకు చాచి ఉంది. ఒళ్ళో డ్రమ్ము. రెండో కాలికి మెరుగుపెట్టిన పాత సైనిక బూటు. అది లేస్తోంది, పడుతోంది. ఆయన ముఖంలో నొప్పి లేదు. ఆ కాలికి నొప్పి తెలిస్తే కదా. ఎప్పుడో పటాలంలో మార్చింగ్ చేయించినప్పటి గర్వం మాత్రం ఉంది.

"పక్కకు జరగండి," అంది వదిన.

సూపరింటెండెంటు జరగలేదు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. "ఆడవాళ్ళకు దారివ్వడం నేర్పలేదా మీ అమ్మ?" అన్నాను. ఆయన తూలి తలుపుకు ఆనుకునేసరికి వదిన హాలు మధ్యలో ఉంది.

అందరి తలలూ తిరిగాయి. ఫొటోలు తీసే అతను పాపం ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని కెమెరా తిప్పాడు.

వదిన మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళింది. "కాలు ఆపండి," అంది.

బ్యాండాయనకు వినపడలేదో, వినదలచుకోలేదో. వాయిస్తూనే కనుబొమలు ముడిచి పక్కకు పొమ్మని తల ఊపాడు.

"కాలు ఆపండి. మేజోడులో పిన్నీసుంది."

కర్రలు ఇంకా వేగం అందుకున్నాయి. ఆఖరి దరువు కాబోలు అది. బూటు లేచింది. వదిన మోకాళ్ళ మీద కూలబడి, బూటుకూ చెక్కకూ మధ్య తన కుడిచెయ్యి పెట్టేసింది.

బూటు ఆ చేతిమీద పడింది. హాలు చివర ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది, చెక్క మీద పడే చప్పుడు కాదది. బ్యాండాయన కిందికి చూసి కర్రలు ఆపేశాడు.

"మతి పోయిందా నీకు?" అన్నాడు. డ్రమ్ము చప్పుడు ఆగిపోయింది కాబట్టి అందరికీ వినిపించింది.

ఆవిడ ఎడమచేత్తో బూటు తాడు విప్పుతోంది. ఆయన కాలు వెనక్కి లాక్కోబోయాడు. "వదులు. అందరూ చూస్తున్నారు, వదులు," అన్నాడు పళ్ళ బిగువున. ఆవిడ వదల్లేదు. బూటు లాగింది.

బూడిదరంగు మేజోడు వేళ్ళ దగ్గర నల్లగా తడిసి ఉంది.

ముందు వరసలో ఎవరో ఆవిడ అయ్యో అంది. బ్యాండాయన తన కాలిని చూసుకున్నాడు, ఎవరిదో కాలిని చూసినట్టు. వదిన మెల్లగా మేజోడు విప్పింది. పిన్నీసు నోరు తెరుచుకుని, మొన చిటికెనవేలి పక్కన మాంసంలోకి పూర్తిగా దిగి ఉంది.

కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దర్నీ సిక్కురూముకు తీసుకెళ్ళారు. ఆయన కాలు కడిగి, మందేసి, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చి కట్టుకట్టారు. వదిన నడిమివేలు విరిగింది. దానికి చెక్క పెట్టి పక్కవేలితో కలిపి కట్టారు. క్రోషా సూదికి ఆనిక ఆ వేలే.

సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి, చొక్కా చెయ్యి సర్దుకుంటూ అన్నాడు. "ఇంక మీ దగ్గర్నుంచి దానంగా ఏ అల్లికా లోపలికి రాదమ్మా. నేను చెప్పాను, మీరు వినలేదు."

"చెప్పారు," అంది వదిన. "విన్నాను కూడా."

ఆశ్రమం డాక్టరు సాయంత్రం చూశాడు. షుగరున్న కాలు, రక్తం సరిగా ఆడని కాలు. పైకి చిన్న రంధ్రమే గానీ లోపల ఎంత చెడిందో చెప్పలేమన్నాడు. రంగు మారితే వేలు తీసెయ్యాలి. అక్కడ ఆగకపోతే పాదం. ఆ మాట అనేటప్పుడు ఆయన వదిన ముఖం చూడలేదు, మంచిదయింది.

ఇంటికొచ్చాక మా వసారాలో రభస. మెట్ల కింద ఇస్త్రీ దుకాణం ఆవిడ అందరికంటే ముందు అందుకుంది. "ఒక్కరు చేసినదానికి అందరి చేతులూ కట్టేశారు. లోపల నెమ్మదిగా చెప్పుకుని ఉంటే సరిపోయేదిగా. నా దుప్పటి సగం అయింది, ఇప్పుడు ఎవరి నెత్తిన కప్పను?"

"నీ నోటి మీద కప్పు, ఊరికి చలి తగ్గుతుంది," అన్నాను నేను. ఆవిడ మళ్ళీ మా మెట్లెక్కలేదు. మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే రావడం మానేశారు. ఉన్ని ఉండలు బుట్టలో అలాగే ఉండిపోయాయి.

వదిన మాత్రం రోజూ బస్సెక్కేది. నన్ను రమ్మని అడగలేదు, వద్దన్నా నేను వెళ్ళేదాన్ని. సిక్కురూము మూల మంచం మీద బ్యాండాయన గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. వదిన పక్కన స్టూలు మీద కూర్చునేది. కాంపౌండరు కట్టు విప్పేటప్పుడు లేచి నిలబడి చూసేది, మళ్ళీ కూర్చునేది. మొదట వేలు ఎర్రబడింది. తరువాత వాచింది, పాదం పైదాకా మెరుస్తూ వాచింది. ఒకరోజు కట్టు విప్పితే వాసన వచ్చింది. కాంపౌండరు కిటికీ తెరిచాడు. వదిన స్టూలు అంచు పట్టుకుంది. ఆ వాసన ఆవిడకు పాతది.

ఆ రోజే ఆయన మొదటిసారి నోరు విప్పాడు, గోడవైపే చూస్తూ.

"ఇన్నేళ్ళూ నా కాలు కాంపౌండరు తప్ప ఎవరూ చూడలేదు. ఊరందరి ముందు దాన్ని బయటపెట్టావు."

వదిన తల వంచుకుని వింది.

"ఆ రెండు నిమిషాలు ఆగితే నా వాయింపు అయిపోయేది. దరువు మధ్యలో ఆపడం నా జన్మలో లేదు."

నా నాలుక దురద పెట్టింది. వదిన నా మోచేయి నొక్కింది.

"నా మొగుడికి బూటులో మేకు లేచింది," అంది ఆవిడ. ఎవరికీ చెప్పని మనిషి, ఆ గోడవైపు తిరిగిన వీపుకు చెప్పింది. మేకు, మేజోడు, వేలు, పాదం, మోకాలు. ఉప్పు పప్పు లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఆ సాయంత్రం దాకా నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన నడుస్తుంటే చూస్తూనే ఉన్నాను. తెలియలేదు. మీది తెలిసింది. తెలిశాక రెండు నిమిషాలు ఎలా ఆగను?"

ఆ వీపు "ఏ రెజిమెంటు?" అని అడిగింది. వదిన చెప్పింది. "లారీ వాళ్ళా," అంది వీపు. "వాళ్ళకు బూట్లు చూసుకునే అలవాటు లేదు."

మర్నాడు డాక్టరు పుండు కోసి చీము తీశాడు. ఆ తరువాత రెండు రోజులు చూద్దాం, నల్లబడితే పట్నం ఆసుపత్రికి పంపాలి, అక్కడ కోస్తారు అన్నాడు. ఆ రెండు రోజులూ వదిన అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నేను తిట్టాను, బతిమాలాను, ఆఖరికి కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని, "ఉప్పెక్కువైంది," అంది. తక్కువైంది నిజానికి, నేను వేయడమే మర్చిపోయాను.

మూడో రోజు ఉదయం డాక్టరు వచ్చేసరికి మేమక్కడే ఉన్నాం. చలి గట్టిగా ఉంది. చక్రాల కుర్చీ ముసలాయన కూడా గుమ్మం దాకా తోసుకొచ్చాడు. కాంపౌండరు కట్టు విప్పడం మొదలుపెట్టాడు, ఒక్కో చుట్టుగా. ఆఖరి చుట్టు పుండుకు అంటుకుంటే నీళ్ళతో తడిపి నానబెట్టాడు. ఆ నానే సమయమంత పొడుగైంది నా బతుకులో ఇంకోటి లేదు. వదిన స్టూలు మీద కూర్చోలేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కట్టు కట్టిన వేలు కూడా కమ్మీని బిగించి ఉంది.

బట్ట ఊడి వచ్చింది. డాక్టరు వంగాడు. వేలి చివర నొక్కి వదిలాడు. తెల్లబడి, మళ్ళీ మెల్లగా ఎరుపెక్కింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ ఎరుపు.

"రక్తం ఆడుతోంది," అన్నాడు. "కొయ్యక్కర్లేదు. ఉంటుంది ఇది."

బ్యాండాయన కళ్ళు మూసుకున్నాడు. వదిన కమ్మీ వదిలి గది బయటికి నడిచింది. వెనకాలే వెళ్ళాను. వరండా చివర కొళాయి తిప్పి, ఒంటిచేత్తో ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. చాలాసేపు కొట్టుకుంది. నేను చీర చెంగు అందించాను. తుడుచుకుంది.

"ఏం చూస్తున్నావే, ఎప్పుడూ ముఖం కడుక్కోవడం చూళ్ళేదా?" అంది.

"ఇంత శ్రద్ధగా కడుక్కోవడం ఇదే మొదలు," అన్నాను.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి కాంపౌండరు కొత్త కట్టు కడుతున్నాడు. బ్యాండాయన ఈసారి మా వైపే తిరిగి, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"మీ అల్లికలు రానివ్వరటగా ఇంక," అన్నాడు.

"రానివ్వరు," అంది వదిన.

"మరి నా కాలికి?"

"కొనుక్కోండి. బజార్లో బోలెడు."

"బజార్లో రెండేసి అమ్ముతారు. రెండోది చెక్కకు తొడగనా?"

గుమ్మంలో ఉన్న చక్రాల కుర్చీ ముసలాయన కిసుక్కున నవ్వాడు. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు వరండాలోంచి వస్తూ ఆగాడు. వదిన ఆయన్ని చూసింది. చూసి, మంచం దగ్గరికి వెళ్ళి, ఎడమచేతి జాన చాచి బ్యాండాయన పాదం పొడవు కొలిచింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు సూపరింటెండెంటు. "దానంగా ఏ అల్లికా వద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు," అంది వదిన, పాదం మీదనుంచి కళ్ళెత్తకుండా. "ఇది దానం కాదు. ఈయన అడిగి చేయించుకుంటున్నాడు."

"నేనే అడిగాను," అన్నాడు బ్యాండాయన. "కాకపోతే చాలా ఆలస్యం అయ్యేలా ఉంది. ఈవిడ వేలు అతుక్కోవాలిగా."

"తొందరైతే వేరేవాళ్ళను చూసుకోండి," అంది వదిన. మళ్ళీ ఒకసారి, మడమ దగ్గర్నుంచి, కొలిచింది.